అశుచి పాపమా?
తౌరాత్ శుచి నియమాలు – క్రైస్తవ ఆధ్యాత్మిక జీవితం: ఒక చారిత్రక పరిశీలన

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 2వ తేదీన క్రైస్తవులు ఒక పండుగ జరుపుకుంటారు. క్రిస్మస్ నుండి లెక్కిస్తే అది నలభయ్యవ రోజు. రోమన్ కథోలిక చర్చిలో శతాబ్దాల పాటు దీనికి ‘కన్య మరియమ్మ శుద్ధి పండుగ’ అని పేరు ఉండేది. 1969లో పండుగల పట్టికను సవరించినప్పుడు ఆ పేరు తీసివేసి, ‘ప్రభువును దేవాలయంలో సమర్పించిన పండుగ’ అన్న పేరును స్థిరపరిచారు. తేదీ మారలేదు, ఆచారం దాదాపు మారలేదు, పేరు మాత్రం మారింది.

ఈ పండుగకు ఆధారం లూకా సువార్త రెండవ అధ్యాయం. బిడ్డ పుట్టిన తరువాత, మూసా ధర్మశాస్త్రం విధించిన శుద్ధి దినాలు పూర్తికాగా, తల్లి జెరూసలేము దేవాలయానికి వచ్చి ఒక జత గువ్వల నైవేద్యాన్ని అర్పించిందని అందులో ఉంది. గొర్రెపిల్లను తేలేని పేదవారికి ధర్మశాస్త్రం అనుమతించిన అర్పణ ఇది.

ముస్లిం పాఠకునికి ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. హజ్రత్ మర్యమ్ (అ)ను అల్లాహ్ ఎన్నుకున్నాడనీ, పరిశుద్ధురాలిని చేశాడనీ దివ్య ఖుర్‌ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో స్పష్టంగా తెలుపుతున్నది. మరి పరిశుద్ధురాలికి శుద్ధి ఎందుకు? ఈ సందేహం మనకు మాత్రమే కలిగినది కాదు. మధ్యయుగాల క్రైస్తవ బోధకులు కూడా దీనికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఆమెకు శుద్ధితో అవసరం లేదు, కేవలం వినయంతో చట్టానికి తలవంచింది అని వారు చెప్పేవారు. ఆ జవాబు వెనుక ఒక ఊహ దాగి ఉన్నది: శుద్ధి చేసుకోవలసిన వ్యక్తి ఏదో ఒక తప్పు చేసి ఉండాలి, అశుచి అంటే పాపానికి మరో పేరు అని.

ఈ ఊహ సరైనదేనా? ప్రాచీన శుచి నియమాలు నేటి క్రైస్తవుని ఆధ్యాత్మిక జీవితానికి ఏమి చెబుతున్నాయి అన్న ప్రశ్నకు సమాధానం దీనిపైనే ఆధారపడి ఉన్నదని మా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఆ విషయాన్ని చరిత్ర వెలుగులో పరిశీలిద్దాం.

ధర్మశాస్త్రంలో శుచి, అశుచి

నేటి బైబిలులోని గ్రంథభాగాలు హజ్రత్ మూసా (అ)పై అవతరించిన తౌరాత్‌కు యథాతథ రూపమేనా అన్న చర్చను ఇక్కడ ఎత్తుకోవటం లేదు. యూదులు, క్రైస్తవులు వాటిని ధర్మశాస్త్రంగా చదివారు, వాటి ప్రకారం బ్రతికారు లేదా బ్రతకరాదని నిర్ణయించుకున్నారు. వారి చరిత్ర తెలుసుకోవటానికి మనకు అంత చాలు.

శుచి నియమాలు ముఖ్యంగా లేవీయకాండం 11 నుండి 15 వరకు గల అధ్యాయాలలోనూ, సంఖ్యాకాండం 19వ అధ్యాయంలోనూ ఉన్నాయి. మొదటిది ఆహారానికి సంబంధించినది: గిట్టలు చీలి, నెమరువేసే జంతువులూ, రెక్కలూ పొలుసులూ గల చేపలూ తినదగినవి. తరువాత ప్రసవం: మగబిడ్డ పుడితే ఏడు రోజులు, ఆ పైన ముప్పైమూడు రోజులు, మొత్తం నలభై, ఆడబిడ్డ పుడితే పద్నాలుగు, ఆ పైన అరవై ఆరు, మొత్తం ఎనభై. ఈ తేడాకు కారణం గ్రంథంలో చెప్పబడలేదు. తరువాత చర్మవ్యాధులు, ఇవి బట్టలకూ, ఇంటి గోడలకూ కూడా పట్టవచ్చునని ఉన్నది గనుక, నేడు మనం కుష్ఠువ్యాధి అంటున్న దానితో దీనిని ఒకటిగా భావించరాదు. ఆపైన స్త్రీ పురుషుల శారీరక స్రావాలు: బహిష్టుకు ఏడు రోజులు, దాంపత్యం తరువాత స్నానం చేసి సాయంకాలం వరకు నిరీక్షణ. చివరకు శవాన్ని తాకినవారి అశుచి: ఏడు రోజులు, అందులో మూడవనాడూ ఏడవనాడూ ఎర్రని ఆవు బూడిద కలిపిన నీటిని చిలకరించటం.

హెబ్రూ భాషలో శుచి గల దానిని ‘తాహోర్’ అంటారు. అరబీలోని ‘తాహిర్’, ‘తహారత్’ అన్న పదాలూ ఇదీ ఒకే ధాతువు నుండి పుట్టిన తోబుట్టువులు. కనుక ఈ జాబితా ముస్లిం పాఠకునికి పూర్తిగా కొత్తగా తోచదు. జనాబత్, హైజ్, నిఫాస్ అన్న మాటలు తెలిసినవారికి ఇది ఎరిగిన భూమే.

ఇప్పుడు ఈ జాబితాను మరోసారి చూడండి. ఇందులో తప్పు ఏది? సంతానాన్ని కనటం దైవాజ్ఞగా ఆదికాండం మొదటి అధ్యాయమే చెబుతున్నది. దాంపత్యం ధర్మబద్ధమైనది. మృతులను ఖననం చేయటం యూదులలో గొప్ప పుణ్యకార్యం. చనిపోయిన తండ్రి దేహాన్ని తాకకుండా తప్పించుకున్న కుమారుణ్ణి ఎవరూ మెచ్చుకోరు. బహిష్టు స్త్రీ కోరి తెచ్చుకున్నది కాదు. అంటే ధర్మశాస్త్రం ప్రకారం అశుచి కలగటం తప్పించుకోలేనిది మాత్రమే కాదు, కొన్ని సందర్భాలలో కర్తవ్యం నెరవేర్చినందువల్ల కలిగేది. అశుచితో ఉండటం పాపం కాదు. ఆ స్థితిలో దేవాలయంలోకి ప్రవేశించటమూ, పవిత్ర నైవేద్యాన్ని తినటమూ, తెలిసీ శుద్ధి చేసుకోకపోవటమూ మాత్రమే నేరాలు.

దీనికి భిన్నంగా అదే గ్రంథంలో మరొక మాలిన్యం ఉన్నది. లేవీయకాండం 18, 20 అధ్యాయాలలో వ్యభిచారం, విగ్రహాలకు సంతానాన్ని బలి ఇవ్వటం దేశాన్నే అపవిత్రం చేస్తాయని చెప్పబడింది. హత్యకు గురైనవాని రక్తం భూమిని మలినం చేస్తుందని సంఖ్యాకాండం 35వ అధ్యాయం అంటున్నది. ఈ మాలిన్యానికి స్నానం లేదు, సాయంకాలం వరకు గడువు లేదు. నీటితో పోనిది ఇది. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని జోనథన్ క్లావన్స్ అనే పండితుడు 2000లో ప్రచురించిన గ్రంథంలో సవివరంగా నిరూపించారు. ఒకటి శరీర స్థితి, రెండవది చేసిన నేరం. ఒకే మాట రెండింటికీ వాడబడినా రెండూ ఒకటి కావు.

ఒక్క పదం తెచ్చిన చిక్కు

మరి ప్రసవించిన తల్లి తీసుకురావలసిన అర్పణకు బైబిలులో ‘పాపపరిహారార్థబలి’ అన్న పేరు ఎందుకు ఉన్నది? తెలుగు బైబిలు చదివిన ప్రతివారికీ కలిగే ప్రశ్న ఇది. బిడ్డను కన్న తల్లి ఏ పాపానికి పరిహారం చెల్లిస్తున్నది?

మూలంలోని పదం ‘హట్టాత్’. ఈ పదం పాపమనే అర్థంలోనూ వాడబడుతుంది గనుక, ప్రాచీన గ్రీకు అనువాదం నుండి నేటి వరకు అనేక భాషలలో దానిని పాపబలిగానే అనువదిస్తూ వచ్చారు. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్థంలో యాకోబ్ మిల్‌గ్రోమ్ అనే యూద పండితుడు దీనిని ప్రశ్నించారు. లేవీయకాండంపై 1991 నుండి 2001 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన వ్యాఖ్యానం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం. ఆయన వాదం సులభమైనది. కొత్తగా నిర్మించిన బలిపీఠాన్ని ప్రతిష్ఠించేటప్పుడు కూడా హట్టాత్ అర్పించాలని ధర్మశాస్త్రం చెబుతున్నది. రాతితోనో లోహంతోనో చేసిన పీఠం ఏ పాపం చేసింది? దైవానికి మొక్కుకొని, ఆ మొక్కును సక్రమంగా నెరవేర్చుకున్న నాజీరు కూడా గడువు ముగిసిన రోజున హట్టాత్ తేవాలి. మొక్కు చెల్లించటం పాపమా? కాదు. కనుక ఆ పదానికి ఇక్కడ ‘శుద్ధి కోసం అర్పించే బలి’ అనే అర్థమే సరిపోతుంది అన్నారాయన.

ఆయన సిద్ధాంతంలోని ప్రతి అంశాన్నీ పండితులందరూ అంగీకరించలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట విస్తృతంగా ఆదరణ పొందింది. ఒక్క పదం అనువాదంలో ఎంత బరువు మోయగలదో ఇక్కడ గమనించాలి. ‘శుద్ధి’ అని చదివిన తల్లి స్నానం చేసి, కృతజ్ఞతతో దేవాలయానికి వెళుతుంది. ‘పాపం’ అని చదివిన తల్లి తల దించుకొని వెళుతుంది.

హజ్రత్ ఈసా (అ) కాలం నాటి యూద సమాజం

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈ నియమాలు గ్రంథంలో మాత్రమే ఉండేవి కావు. జెరూసలేములోనూ, గలిలయ ప్రాంతంలోనూ జరిగిన తవ్వకాలలో మెట్లు దిగి మునగటానికి వీలుగా రాతిలో తొలిచిన స్నానకుండాలు వందల సంఖ్యలో బయటపడ్డాయి. వీటిని ‘మిక్వే’ అంటారు. సున్నపురాతితో చెక్కిన గిన్నెలూ, పెద్ద తొట్లూ కూడా విరివిగా దొరికాయి. మట్టిపాత్రకు అశుచి అంటితే పగులగొట్టవలసిందే. రాతిపాత్రకు అశుచి అంటదని వారి విశ్వాసం. కానా అనే ఊరి పెళ్ళి ఇంట్లో యూదుల శుద్ధి ఆచారం కోసం ఆరు రాతిబానలు ఉన్నాయని యోహాను సువార్త చెప్పిన మాటకు ఈ తవ్వకాలు చక్కని సాక్ష్యం.

ఇటువంటి సమాజంలో హజ్రత్ ఈసా (అ) వైఖరి ఏమిటి? చాలామంది క్రైస్తవ బోధకులు ఆయన శుచి నియమాలను త్రోసిపుచ్చారని చెబుతారు. కాని సువార్తలను జాగ్రత్తగా చదివితే విషయం అంత సులభంగా తేలదు.

చర్మవ్యాధి గల ఒకడు వచ్చి తనను శుద్ధుణ్ణి చేయమని కోరగా ఆయన అతనిని బాగుచేసి, యాజకుని వద్దకు వెళ్ళి కనబడి, మూసా విధించిన అర్పణ చెల్లించమని ఆదేశించినట్లు మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉన్నది. చట్టాన్ని రద్దు చేసేవాడు చెప్పే మాట కాదది. పన్నెండేండ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఆయన వస్త్రాన్ని తాకిన ఘట్టం ఐదవ అధ్యాయంలో ఉన్నది. ఆమె తాకినంతనే స్రావం ఆగిపోయింది. అశుచి నియమం అబద్ధమని ఆయన అక్కడ అనలేదు. అశుచికి కారణమైన వ్యాధే తొలగిపోయింది. ఈ ఘట్టాలన్నింటినీ పరిశీలించి, సువార్తలలోని యేసు పోరాడినది శుచి నియమాలతో కాదనీ, అశుచికి మూలాలైన వ్యాధితో, మరణంతో అనీ మాథ్యూ థీసెన్ అనే పండితుడు 2020లో వెలువరించిన గ్రంథంలో వాదించారు.

ఇక చేతులు కడుక్కోకుండా భోజనం చేయటాన్ని గురించి పరిసయ్యులతో జరిగిన వాదం మార్కు ఏడవ అధ్యాయంలో ఉన్నది. సాధారణ యూదుడు భోజనానికి ముందు చేతులు కడగాలనే ఆజ్ఞ లేవీయకాండంలో లేదు. అది పెద్దల సంప్రదాయం. లోపలి నుండి వచ్చే దురాలోచన, దొంగతనం, హత్య, వ్యభిచారం మనిషిని అపవిత్రం చేస్తాయని ఆయన అక్కడ బోధించారు. లేవీయకాండం 18వ అధ్యాయంలోని ఆ రెండవ మాలిన్యాన్నే ఆయన గుర్తుచేస్తున్నారని దీనినిబట్టి తెలుస్తుంది. అన్ని ఆహారాలూ శుద్ధమైనవన్న భావం గల వాక్యం అక్కడ కథకుని వివరణగా కనిపిస్తుంది. అదే సంఘటనను చెప్పిన మత్తయి సువార్తలో ఆ వాక్యం లేదు.

దివ్య ఖుర్‌ఆన్ ఈ విషయంలో మధ్యేమార్గాన్ని తెలుపుతున్నది. తనకు ముందున్న తౌరాత్‌ను ధృవీకరించటానికీ, ఇస్రాయీలు సంతతికి నిషిద్ధమైన కొన్నింటిని ధర్మసమ్మతం చేయటానికీ ఈసా (అ) వచ్చారని ఆలి ఇమ్రాన్ సూరా 50వ ఆయతు సారాంశం. కొన్నింటినే గాని అన్నింటినీ కాదు.

తొలి అనుచరుల నిర్ణయాలు

ఆయన తరువాత అనుచరుల సంఘం యూదేతరులకు తలుపు తెరిచినప్పుడు సమస్య తీవ్రమైంది. అపొస్తలుల కార్యముల పదవ అధ్యాయంలో పేతురుకు ఒక దర్శనం కలిగినట్లు ఉన్నది: ఆకాశం నుండి దిగిన దుప్పటిలో అన్ని రకాల జంతువులు, చంపి తినమన్న ఆదేశం. దీనిని ఆహార నియమాల రద్దుగా తరువాతి వారు వివరించారు. కాని కైసరయలోని రోమన్ సైనికాధికారి కొర్నేలీ ఇంట నిలిచి పేతురు స్వయంగా చెప్పుకున్న అర్థం వేరు. ఏ మనిషినీ నిషిద్ధుడనీ, అపవిత్రుడనీ అనకూడదని దేవుడు తనకు చూపాడన్నదే ఆయన తీసుకున్న పాఠం. ఈ భేదం ఎంత ముఖ్యమైనదో ముందు చూస్తాము.

దాదాపు క్రీ.శ. 49లో జెరూసలేములో జరిగిన సమావేశం యూదేతర విశ్వాసులకు సున్తీని విధించలేదు. విగ్రహాలకు అర్పించిన దానినీ, రక్తాన్నీ, గొంతు పిసికి చంపిన దానినీ, వ్యభిచారాన్నీ విసర్జించమని మాత్రం చెప్పింది. హలాల్, హరామ్ ఎరిగిన మన పాఠకులకు ఈ జాబితా ఎంత సుపరిచితమో చెప్పనక్కరలేదు. ఏదీ తనంతట అపవిత్రం కాదని రోమీయులకు వ్రాసిన పౌలు కూడా, జెరూసలేముకు వచ్చినప్పుడు మొక్కు ఉన్న నలుగురితో కలిసి శుద్ధి చేసుకొని దేవాలయంలోకి వెళ్ళినట్లు అపొస్తలుల కార్యముల 21వ అధ్యాయం తెలుపుతున్నది.

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం దేవాలయాన్ని ధ్వంసం చేసింది. ఏ స్థలాన్ని కాపాడటానికి శుచి నియమాలు ఏర్పడ్డాయో ఆ స్థలమే లేకుండా పోయింది. యూదులు ఆ నియమాలలో కొన్నింటిని ఇంటి జీవితంలో నిలుపుకున్నారు. క్రైస్తవులలో అధిక సంఖ్యాకులు వాటికి సంకేతార్థం చెప్పుకున్నారు. ఆవు బూడిద శరీరాన్ని శుద్ధి చేయగా క్రీస్తు రక్తం మనస్సాక్షిని శుద్ధి చేస్తుందని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక వాదించింది. ఈ విశ్వాసంలో మనకూ వారికీ గల భేదం తెలిసినదే. మూడవ శతాబ్దంలో ఒరిగెన్ లేవీయకాండంపై ఇచ్చిన ప్రసంగాలలో ప్రతి నియమమూ ఆత్మకు వర్తించే పాఠమైంది.

సంకేతార్థంతో విషయం ముగిసిపోయి ఉండవలసింది. కాని ముగియలేదు.

గుమ్మం వద్ద ఆగిన స్త్రీ

మూడవ శతాబ్దంలోనే రెండు స్వరాలు వినిపిస్తాయి. సిరియాలో వ్రాయబడిన ‘డిడస్కాలియా’ అనే సంఘ నియమావళి, బహిష్టు రోజులలో ప్రార్థనకూ, గ్రంథపఠనానికీ, ప్రభు భోజనానికీ దూరంగా ఉంటున్న స్త్రీలను మందలించింది. బాప్తిస్మంలో పొందిన పరిశుద్ధాత్మ ఏడు రోజులు విడిచిపోయి మళ్ళీ వస్తుందని మీరు అనుకుంటున్నారా అని నిలదీసింది. అదే శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తీర్పు ఇచ్చాడు. అటువంటి స్త్రీ ప్రార్థించవచ్చు గాని బలిపీఠాన్ని సమీపించరాదన్నాడు. పన్నెండేండ్ల వ్యాధిగ్రస్తురాలు కూడా యేసు వస్త్రపు అంచునే తాకింది కదా అన్నది అతని వాదం. ఏ కథను ఇతరులు విముక్తికి నిదర్శనంగా చదివారో, అదే కథ అతనికి నిషేధానికి ఆధారమైంది. 692లో కాన్‌స్టాంటినోపుల్ సభ అతని లేఖను చర్చి శాసనాలలో చేర్చింది. తూర్పు చర్చీలలో దాని ప్రభావం నేటికీ ఉన్నది. 1990 నుండి 2009 వరకు సెర్బియా చర్చికి అధిపతిగా ఉన్న పవ్లే ఈ విషయంపై ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాసి, బహిష్టులో ఉన్న స్త్రీ చర్చికి రావచ్చు, ప్రార్థించవచ్చు, ప్రభు భోజనం మాత్రం తీసుకోరాదని తేల్చారు.

పడమటి దేశాలలో కథ మరింత ఆసక్తికరమైనది. 597లో ఇంగ్లండుకు మతప్రచారానికి వెళ్ళిన ఆగస్టీన్ అక్కడి నుండి రోమ్‌లోని పోప్ గ్రెగరీకి కొన్ని ప్రశ్నలు పంపాడు. గర్భవతికి బాప్తిస్మం ఇవ్వవచ్చునా? ప్రసవించిన స్త్రీ ఎన్ని రోజులకు చర్చిలోకి రావచ్చు? బహిష్టులో ఉన్నవారి సంగతి ఏమిటి? 601లో వచ్చిన సమాధానాన్ని బీడ్ అనే చరిత్రకారుడు 731లో పూర్తిచేసిన తన గ్రంథంలో భద్రపరిచాడు. తల్లి ప్రసవించిన గడియలోనే కృతజ్ఞత తెలుపుకోవటానికి చర్చిలోకి వచ్చినా పాపం లేదని గ్రెగరీ వ్రాశాడు. ప్రకృతి సహజంగా జరిగేదానికి స్త్రీని నేరస్థురాలిగా ఎంచరాదన్నాడు. భక్తితో తనంతట తాను ప్రభు భోజనానికి దూరంగా ఉంటే అది మెచ్చదగినదే, కాని ఆమెను అడ్డగించరాదన్నాడు. దాంపత్యం జరిపిన పురుషుడు మాత్రం స్నానం చేయకుండా చర్చిలో ప్రవేశించరాదని అదే లేఖలో ఉన్నది. వహీ ఆరంభానికి సుమారు తొమ్మిది సంవత్సరాల ముందు రోమ్‌లో వ్రాయబడిన లేఖ ఇది.

ఇంతటి స్పష్టమైన తీర్పు డెబ్బై ఏండ్లు కూడా నిలవలేదు. 669లో కాంటర్‌బరీకి ఆర్చిబిషప్‌గా వచ్చిన థియొడోర్ తీర్పులను అతని శిష్యులు గ్రంథస్థం చేశారు. అందులో బహిష్టు స్త్రీలు, సన్యాసినులైనా సరే, చర్చిలో అడుగుపెట్టరాదనీ, ప్రభు భోజనం తీసుకోరాదనీ, ఆ నియమం తప్పితే మూడు వారాలు ఉపవాసం చేయాలనీ ఉన్నది. ప్రసవం తరువాత నలభై రోజుల లోపు వచ్చినవారికీ అదే శిక్ష. విచిత్రమేమిటంటే ఈ థియొడోర్ స్వస్థలం తార్సు. ధర్మశాస్త్రపు కాడి నుండి విడుదల పొందామని ప్రకటించిన పౌలు ఊరు కూడా అదే.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గుర్తించాలి. థియొడోర్ లేవీయకాండాన్ని తిరిగి తెచ్చాడని పైకి కనిపిస్తుంది. నిజానికి ఆయన తెచ్చినది లేవీయకాండం కాదు. శుచి కోసం స్నానం చేయమన్న చోట ఆయన పశ్చాత్తాప శిక్ష విధించాడు. స్నానం స్థితిని మార్చేది. శిక్ష నేరానికి పడేది. అశుచి, పాపం ఒకటే అన్న పొరపాటు అక్కడ శాసనంగా మారింది.

ఆ తరువాత శతాబ్దాల పాటు ప్రసవించిన తల్లి గుమ్మం వద్ద నిలబడి, పాదిరి వచ్చి లోనికి తీసుకువెళ్ళే ఆచారం పడమటి దేశాలలో సాగింది. ఆంగ్లికన్ చర్చి 1549 నాటి ప్రార్థనా గ్రంథంలో దాని పేరు ‘స్త్రీల శుద్ధి క్రమం’. మూడేండ్లకే, 1552లో, ఆ పేరును ‘ప్రసవానంతరం స్త్రీలు చెల్లించే కృతజ్ఞత’ అని మార్చారు. కథోలికులలో 1969 నాటి శిశు బాప్తిస్మ క్రమం తల్లికీ తండ్రికీ కలిపి ఆశీర్వాదం ఇస్తున్నది. ఫిబ్రవరి పండుగ పేరు మారిన సంవత్సరమూ అదే కావటం గమనార్హం.

హబషా క్రైస్తవులు

ధర్మశాస్త్రాన్ని వదులుకోని క్రైస్తవులు కూడా ఉన్నారు. ప్రవక్త మహమ్మద్ (స) అనుచరులు మక్కా బాధలు భరించలేక సుమారు క్రీ.శ. 615లో ఏ దేశంలో ఆశ్రయం పొందారో, ఏ రాజు సభలో హజ్రత్ జాఫర్ (రజి) మర్యమ్ సూరాను వినిపించారో, ఆ హబషా దేశపు క్రైస్తవులే వారు. నేటి ఇథియోపియా ఆర్థొడాక్స్ తెవాహెదో చర్చిలో పందిమాంసం నిషిద్ధం. మగబిడ్డకు ఎనిమిదవ రోజున సున్తీ చేస్తారు. బాప్తిస్మం మగబిడ్డకు నలభయ్యవ రోజున, ఆడబిడ్డకు ఎనభయ్యవ రోజున జరుగుతుంది. చెప్పులు విడిచి చర్చిలోకి వెళతారు. బహిష్టులో ఉన్న స్త్రీలూ, ముందు రాత్రి దాంపత్యం జరిపిన స్త్రీ పురుషులూ లోనికి వెళ్ళక ఆవరణలో నిలబడి ప్రార్థిస్తారు. అక్కడ ఆవరణలో నిలబడటం పురుషునికీ వర్తించే విషయం గనుక, అది ఒక్క స్త్రీకే అంటిన కళంకంగా మిగలలేదు.

పదహారవ శతాబ్దంలో పోర్చుగల్ నుండి వచ్చిన పాదిరీలు వీరిని యూదుల అనుచరులని ఆక్షేపించారు. చక్రవర్తి గలావ్‌దేవోస్ 1555లో తన విశ్వాస ప్రకటనను వ్రాసి జవాబిచ్చాడు. సున్తీ తమ దేశాచారమనీ, పందిమాంసం మానటం ధర్మశాస్త్రపు విధిగా కాదనీ, తినేవాణ్ణి అసహ్యించుకోమనీ, తిననివాణ్ణి బలవంతపెట్టమనీ ఆయన వివరణ. ఆచారం నిలుపుకుంటూనే దాన్ని ఇతరులపై తీర్పు చెప్పే ఆయుధంగా చేసుకోకపోవటం ఇక్కడ మెచ్చదగిన విషయం.

గుండ్లకమ్మ ఒడ్డున

తెలుగునాట ఈ ప్రశ్న మరొక రూపంలో ఎదురైంది. 1878 జులై 3వ తేదీన ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఆ సంఘానికి పెద్ద. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిని తాకనివ్వని మనుషులు నదిలో దిగి మునిగి లేచిన దృశ్యం అది.

మన భాషలో మైల, ముట్టు, పురుడు, అంటు అన్న మాటలు ఉన్నాయి. లేవీయకాండం చదివే తెలుగువాడు వాటితోనే దానిని అర్థం చేసుకుంటాడు. కాని అంటరానితనం వేరు, లేవీయకాండపు అశుచి వేరు. అక్కడి అశుచి యాజకునికీ వస్తుంది, పేదవానికీ వస్తుంది. సాయంకాలానికో, ఏడవనాటికో, వ్యాధి నయమైన నాటికో పోతుంది. అంటరానితనం పుట్టుకతో అంటగట్టినది. స్నానంతో పోదు, చచ్చినా పోదు. మొదటిది ఒక స్థితి, రెండవది మనిషిపై వేసిన ముద్ర. కొర్నేలీ ఇంట పేతురు నేర్చుకున్నది ఈ రెండవదానికే సమాధానం. బాప్తిస్మం తరువాత కూడా కొన్ని సంఘాలలో కులం పేర వేరు వేరు వరుసలు నిలిచాయంటే, ఆహారపు దుప్పటి గుర్తున్నంతగా మనిషిని గురించిన ఆ మాట గుర్తులేదని అర్థం.

నేటి క్రైస్తవునికి, మనకు

ఈ చరిత్ర నుండి తేలేది ఏమిటి? ప్రాచీన శుచి నియమాలను క్రైస్తవులు రెండు విధాల పోగొట్టుకున్నారు. థియొడోర్ వంటివారు వాటిని నిలుపుకొని శిక్షగా మార్చారు. ఎక్కువమంది వాటిని విడిచిపెట్టి, వాటిని పాటించిన యూదులను హృదయం లేని ఆచారపరులుగా చిత్రించారు. యూదజాతిపై యూరప్‌లో శతాబ్దాల పాటు పేరుకున్న ద్వేషానికి ఆ చిత్రణ కూడా ఒక ఇంధనమైంది. రెండు పొరపాట్లకూ మూలం ఒకటే: అశుచిని పాపంగా చదవటం.

ఆ పొరపాటు తొలగితే నేటి క్రైస్తవునికి ఆ నియమాలలో కొంత లాభం ఉన్నది. దేవుని సన్నిధికి పోవటానికి సిద్ధపాటు అవసరమనీ, శరీరం ఆత్మకు బయటి వస్తువు కాదనీ అవి నేర్పుతాయి. నాలుగవ శతాబ్దపు ఆరంభంలో తూరు నగరపు చర్చిని వర్ణిస్తూ యూసేబియస్, లోనికి వెళ్ళేవారు కడుగుకోవటానికి ఆవరణలో నీటి ఊటలు ఏర్పరచారని వ్రాశాడు. వుజూ చేసే కొలను గల మసీదు ఆవరణ ఎరిగినవారికి ఆ వర్ణన దగ్గరగా తోస్తుంది. అదే సమయంలో రక్తపాతం, వ్యభిచారం వంటి మాలిన్యాలు నీటితో పోవని ధర్మశాస్త్రమే చెబుతున్నది గనుక, ఆచారం న్యాయానికి బదులు కాజాలదని కూడా అవి హెచ్చరిస్తాయి.

మన ధర్మంలో ఈ భేదం స్పష్టంగా ఉన్నది. మదీనా వీధిలో జనాబత్ స్థితిలో ఉన్న హజ్రత్ అబూ హురైరా (రజి) దైవప్రవక్త (స)ను చూసి సిగ్గుతో తప్పుకుపోయి, స్నానం చేసి తిరిగి వచ్చారు. సంగతి తెలిసి ఆయన, విశ్వాసి అపవిత్రుడు కాడని బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. మదీనాలోని యూదులు బహిష్టు స్త్రీతో కలిసి భుజించేవారు కారు. దీనిని గురించి సహాబాలు అడిగినప్పుడు బఖరా సూరా 222వ ఆయతు అవతరించింది. దాంపత్యం తప్ప మిగిలిన సహజీవనమంతా సాగవచ్చునని ఆయన వివరించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆ స్థితిలోనే ఎతికాఫ్‌లో ఉన్న దైవప్రవక్త (స) తల దువ్వేవారు. ఆ రోజులలో నమాజు లేదు, దాని ఖజా కూడా లేదు. అది మినహాయింపే గాని శిక్ష కాదు.

గ్రంథంలో ఇంత స్పష్టత ఉన్నా ఇంటిలో ఉన్నదా? ఆ రోజులలో వంటింటి గడప దాటనివ్వని ఇళ్ళు, పురిటి మంచంలోని తల్లిని పలకరించటానికి వెనకాడే బంధువులు, శుభకార్యంలో ఆమె ఎదురు రాకూడదనే పెద్దలు మన సమాజంలోనూ కనిపిస్తారు. ఇవి షరీఅత్ విధించినవి కావు. వీటిని సాగిస్తూ థియొడోర్‌ను విమర్శించటం మనకు తగదు. మన ఇంటి ఆడపడుచుకు తహారత్ నియమాలు నేర్పే రోజునే, ఈ స్థితి తప్పు కాదన్న మాట కూడా ఆమెకు చెప్పవలసి ఉన్నది.

అల్లాహ్‌యే బాగా ఎరిగినవాడు.